ఎక్కడ అచ్చయితే పరిశోధన అవుతుంది?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2025 ఫిబ్రవరి 11న ఒక బహిరంగ ప్రకటన విడుదల చేసింది. గుర్తింపు పొందిన పరిశోధన పత్రికల పట్టికగా ఆరేళ్ళు చెలామణి అయిన ‘యూజీసీ కేర్’ జాబితాను ఇక కొనసాగించడం లేదనీ, ఏ పత్రిక మంచిదో ఏది కాదో విద్యాసంస్థలూ పరిశోధకులే తేల్చుకోవాలనీ, అందుకు కొన్ని సూచనాత్మక ప్రమాణాలను మాత్రమే తాను అందజేస్తాననీ దాని సారాంశం. అభిప్రాయాలు తెలపడానికి ఫిబ్రవరి 25 వరకు, అంటే సరిగ్గా రెండు వారాలు, గడువు ఇచ్చింది. విద్యారంగంలో సామాజిక న్యాయం గురించి నిత్యం మాట్లాడే మనలో చాలామందికి ఇది గ్రంథాలయాధికారులు చూసుకోవలసిన సాంకేతిక వ్యవహారంగా తోచింది. నా ఉద్దేశంలో ఇది రోస్టర్ వివాదమంతటి ముఖ్యమైన విషయం. అధ్యాపక పదవికి చేర్చే మెట్లలో ఒక మెట్టు ఎత్తును కొలిచే బద్ద ఎవరి చేతిలో ఉండాలన్నది ఇక్కడి ప్రశ్న.

పరిశోధన వ్యాసాన్ని ఏ పత్రికకు పంపాలనే నిర్ణయం బయటివారికి శుద్ధమైన విద్యావిషయక ఎంపికలాగే కనిపిస్తుంది. విషయానికి తగిన పత్రికను చూసుకోవడం, సంపాదకునికి పంపడం, పేరు తెలియని ఇద్దరు ముగ్గురు నిపుణులు చదివి లోపాలు చెప్పడం, సవరించి తిరిగి పంపడం, చివరకు అచ్చు కావడం. పరిశోధన పద్ధతుల పుస్తకాల్లో కనిపించే క్రమం ఇది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేస్తున్న దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల విద్యార్థినిని అడిగి చూడండి. ఆమె వేసుకునే ప్రశ్నలు వేరు. ఆరు నెలల్లో అచ్చవుతుందా? ఎంత కట్టాలి? రేపు ఉద్యోగ ప్రకటన పడితే దీనికి మార్కులు వేస్తారా? నా ఇంగ్లీషు దిద్దిపెట్టేవారు ఎవరైనా ఉన్నారా? ఈ పత్రికను ఎవరు చదువుతారు అన్న ప్రశ్న ఆ వరుసలో చివరికి పోతుంది, చాలాసార్లు రానే రాదు.

పత్రికల గురించిన తెలివిడి ఏ పాఠ్యప్రణాళికలోనూ ఉండదు. అది గైడు గదిలో, సెమినారు విరామంలో, ఢిల్లీ, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయాల పూర్వ విద్యార్థుల పలకరింపుల్లో చేతులు మారుతుంది. ఫలానా పత్రిక ఏ రకం వ్యాసాలకు మొగ్గు చూపుతుంది, ఎవరు ప్రత్యేక సంచిక తేబోతున్నారు, సంపాదకునికి రాసే ఉత్తరం ఎంత పొడవుండాలి వంటి సంగతులు రెండు మూడు తరాలుగా చదువుకున్న ఇళ్ళ పిల్లలకు అడగకుండానే అందుతాయి. నాకు తెలిసిన ఒక పరిశోధకురాలు ‘భారీ సవరణలు అవసరం’ అంటూ ఒక మంచి పత్రిక నుంచి వచ్చిన ఉత్తరాన్ని తిరస్కరణగానే అర్థం చేసుకున్నది. సిగ్గుపడి ఏడాదిపాటు ఎవరికీ చూపలేదు. ఆ మాటకు ‘బాగుచేసి మళ్ళీ పంపు’ అని అర్థమని ఆమెకు చెప్పిన వారు లేరు. ఈలోగా అదే వ్యాసాన్ని ఆమె డబ్బు కట్టి పది రోజుల్లో మరొకచోట అచ్చు వేయించుకున్నది. మొదటి తరం పరిశోధకుల విషయంలో ప్రతిభ గురించిన చర్చలన్నీ ఇటువంటి చిన్న అజ్ఞాతాల దగ్గర ఆగి చూడకుండా ముందుకు వెళ్ళిపోతాయి.

ఆమెను ఆ తొందరలోకి నెట్టింది రాజ్యం రాసిన నిబంధనలు. సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు ప్రామాణిక పత్రికలో కనీసం ఒక వ్యాసం ప్రచురించి ఉండాలని యూజీసీ 2009లో షరతు పెట్టింది. 2010లో అధ్యాపక నియామకాలనూ పదోన్నతులనూ ‘ఏపీఐ’ అనే పాయింట్ల లెక్కకు ముడివేసింది. 2016లో ఒక వ్యాసానికి తోడు రెండు సదస్సు పత్రాలు కూడా అడిగింది. 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఎవరిని ఇంటర్వ్యూకు పిలవాలో తేల్చేటప్పుడు ఒక్కో వ్యాసానికి 2 మార్కులు, గరిష్ఠంగా 10. పీహెచ్‌డీకి ప్రచురణ తప్పనిసరి అన్న షరతును 2022 నవంబరులో ఎత్తివేశారు. ఉద్యోగానికి మాత్రం ఆ లెక్క అలాగే ఉంది కనుక విద్యార్థి నెత్తిమీది బరువు దిగలేదు.

ఇంతమంది ఇన్ని వ్యాసాలను ఏకకాలంలో ప్రచురించుకోవాలంటే అన్ని పత్రికలు దేశంలో లేవు. గిరాకీని ప్రభుత్వం సృష్టించింది, సరఫరా సంగతి బజారు చూసుకుంది. డబ్బు తీసుకుని, సమీక్ష లేకుండా అచ్చువేసే పత్రికలపై హెల్సింకీకి చెందిన ఇద్దరు పరిశోధకులు 2015లో చేసిన అంచనా ప్రకారం, 2010లో అటువంటి వ్యాసాలు 53 వేలు, 2014 నాటికి 4 లక్షల 20 వేలు. వాటి రచయితల్లో మూడోవంతుకు పైగా భారతీయులు. వసూలు చేసే రుసుము సగటున 178 డాలర్లు. ఈ వ్యాపారానికి మన గడ్డతోనూ సంబంధం ఉంది. హైదరాబాదు కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఒమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష జరుగుతుందని పరిశోధకులను మోసపుచ్చిందన్న అభియోగంపై నెవాడా ఫెడరల్ న్యాయస్థానం 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆ సంస్థను ఆదేశించింది. మాసాబ్ ట్యాంకు, కూకట్‌పల్లి సందుల్లో ‘వ్యాసం రాసి, అచ్చు వేసి, సర్టిఫికెట్ ఇస్తాం’ అనే జిరాక్సు దుకాణాల వారికి అంతటి కీర్తి దక్కలేదు గాని, వారి పని కూడా అదే.

ఈ గందరగోళాన్ని చక్కదిద్దే పేరుతో యూజీసీ 2017లో 38 వేలకు పైగా పత్రికలతో ఆమోదిత జాబితా ప్రకటించింది. అందులో విశ్వవిద్యాలయాలు సిఫారసు చేయగా చేరిన పత్రికల్లో 1,009ని పుణె విశ్వవిద్యాలయానికి చెందిన భూషణ్ పట్వర్ధన్ బృందం పరిశీలించింది. కనీస ప్రమాణాలకు నిలిచినవి 112. మిగిలిన దాదాపు 89 శాతం నిలవలేదు. ఈ సంగతి 2018లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో వెలువడింది. అదే ఏడాది మే నెలలో యూజీసీ 4,305 పత్రికలను జాబితా నుంచి కొట్టివేసింది. ఆ తరువాత వచ్చినదే కేర్. దానికీ జబ్బు తగలకపోలేదు. జాబితాలోని మంచి పత్రికల పేర్లనే పెట్టుకుని నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి, చివరకు అటువంటి నకిలీల పట్టికను కూడా కేర్ వారే వేయవలసి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. విశ్వవిద్యాలయాలు సిఫారసు చేసిన పత్రికలే అధికశాతం పనికిరానివని తేలింది. సిఫారసు చేసినవారు విద్యార్థులు కారు. పెద్ద కుర్చీల్లో ఉన్నవారు. అయినా నకిలీ పత్రికల మీద జరిగిన చర్చలో వేలు ఎప్పుడూ జిల్లా కేంద్రంలోని చిన్న కళాశాల నుంచి, ఫెలోషిప్ లేకుండా పార్ట్‌టైము ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ ముగించిన మనిషి వైపే చూపింది. ‘రిజర్వేషన్ పీహెచ్‌డీలు’ అనే ఎత్తిపొడుపుకు ఇది కొత్త ఆధారంగా మారింది. ఆ పత్రికల్లో వ్యాసాలు వేసుకుని ప్రొఫెసర్లుగా పదోన్నతి పొందిన అగ్రవర్ణ ఆచార్యుల ప్రస్తావన మాత్రం అంతగా వినపడలేదు.

డబ్బు సంగతికి వద్దాం. నకిలీ పత్రిక రెండు మూడు వేల రూపాయలు అడుగుతుంది. అసలు పత్రిక ఎంత అడుగుతుంది? ఎవరైనా ఉచితంగా చదువుకునేలా వ్యాసాన్ని ఉంచేందుకు ‘నేచర్’ పత్రిక 2021 నుంచి 9,500 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. అప్పటి మారకం రేటులో అది ఎనిమిది లక్షల రూపాయలు దాటుతుంది. జేఆర్‌ఎఫ్ పొందిన అదృష్టవంతునికి 2023 నుంచి నెలకు 37 వేలు. దాదాపు రెండేళ్ళ ఫెలోషిప్పు కలిపితే ఒక్క వ్యాసం. నెట్ రాని కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థికి వచ్చే నెలకు 8 వేల లెక్కన చూస్తే దాదాపు తొమ్మిదేళ్ళు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి ఆ ఎనిమిది వేలు కూడా లేవు. ‘నేచర్’ అందరికీ సంబంధించిన ఉదాహరణ కాదనవచ్చు. విజ్ఞానశాస్త్రాల్లో మధ్యస్థాయి విదేశీ పత్రికలు కూడా లక్ష, రెండు లక్షలు అడగడం ఇప్పుడు మామూలైంది. ప్రాజెక్టు నిధులున్న ప్రయోగశాలలో చేరినవారికి ఆ బిల్లు ప్రాజెక్టు కడుతుంది. ఆ ప్రయోగశాలల్లో మనవాళ్ళు ఎంతమంది చేరగలుగుతున్నారన్నది ఐఐటీల పీహెచ్‌డీ ప్రవేశాల లెక్కలు అడిగిన పార్లమెంటు సభ్యులకు తెలుసు.

అయితే ఎవరూ చెప్పని ఇంకో నిజం ఉంది. చందా పద్ధతిలో నడిచే అనేక ప్రసిద్ధ పత్రికలు రచయిత నుంచి ఏమీ తీసుకోవు. ‘ఓపెన్ యాక్సెస్’ అనే గడిలో టిక్కు పెట్టకుండా ఉంటే చాలు. ముంబయిలో సమీక్షా ట్రస్టు నడిపే ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ రచయిత దగ్గర పైసా పుచ్చుకోదు. ఈ చిన్న సమాచారం తెలియక అప్పుచేసి రుసుములు కట్టినవారిని నేను చూశాను. ఇంకొకవైపు, చదవడానికి చందాల భారం తగ్గించేందుకు కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ‘ఒకే దేశం ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6 వేల కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, 13 వేల దాకా పత్రికలు, ప్రభుత్వ రంగంలోని 6,300 విద్యాసంస్థలు. చదవడం వరకు ఇది మేలే. దళిత బహుజన విద్యార్థులు అధికంగా ఉండే ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు కేంబ్రిడ్జి పత్రికలు రావడాన్ని నేను తక్కువ చేసి చూడను. కానీ ప్రజాధనంతో పరిశోధన చేసి, ప్రజాధనంతో రుసుము కట్టి అచ్చు వేయించి, దాన్నే చదువుకోవడానికి తిరిగి ప్రజాధనమే చెల్లించడం చూస్తే అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత గుర్తుకు రాక మానదు.

పత్రిక దొరికింది, డబ్బు అక్కరలేదు అనుకుందాం. ఇక సమీక్షకుల వంతు. సాంఘిక శాస్త్రాల్లో సాధారణంగా రచయిత పేరు సమీక్షకునికి, సమీక్షకుని పేరు రచయితకు తెలియనివ్వరు. పేరు దాచడం మన దేశంలో ఎంత అవసరమో 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ ఎటివెల్ చేసిన ప్రయోగం చూపింది. ఒకే అర్హతలు గల దరఖాస్తులను అగ్రవర్ణ, దళిత, ముస్లిం పేర్లతో 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు, మొత్తం 4,808, వారు పంపారు. అర్హత ఒకటే అయినా పిలుపులు పేరును బట్టి తేడాగా వచ్చాయి. కనుక పేరు దాచే పద్ధతికి నేను సంపూర్ణంగా అనుకూలుణ్ణి. అయితే వ్యాసం ఎంచుకున్న విషయం, క్షేత్రంగా తీసుకున్న వాడ, ఉదహరించిన కరపత్రాలు రచయిత ఎక్కడివాడో చెప్పకనే చెబుతాయి. నాకు చూపిన సమీక్షల్లో తరచూ ఎదురయ్యే మాటలు ఇవి: ఆవేశం పాలు ఎక్కువ, రచయిత తన విషయం నుంచి దూరం పాటించలేదు, సిద్ధాంత చట్రం బలహీనం, ఈ వ్యాసం దళిత అధ్యయనాల పత్రికకు నప్పుతుంది. అగ్రవర్ణ పరిశోధకుడు తన తాతగారి అగ్రహారం గురించి రాస్తే దానికి స్మృతి అధ్యయనమని పేరు. మాలపల్లె వాడు తన పల్లె గురించి రాస్తే దూరం చాలలేదు.

ఈ విభజనను గోపాల్ గురు 2002లోనే ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఎత్తిచూపాడు. సిద్ధాంతం చేసే హక్కు ఒకరిదిగా, వివరాలు ఏరుకొచ్చే పని మరొకరిదిగా సాంఘిక శాస్త్రాలు చీలిపోయాయని, ఆ చీలిక వర్ణ వ్యవస్థనే పోలి ఉందని ఆయన వాదన. తరువాత 2018లో ఆ పత్రికకే ఆయన సంపాదకుడయ్యాడు. ఇది చిన్న విషయం కాదు. అయినా ఒక సంపాదకుని రాకతో వందల పత్రికల సంపాదక వర్గాల కూర్పు మారదు. దళిత అధ్యయనాలకు ప్రత్యేకించిన పత్రికలు వచ్చాయి: సేజ్ సంస్థ వేసే ‘కాంటెంపరరీ వాయిస్ ఆఫ్ దళిత్’, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ దళిత్ స్టడీస్ వారి పత్రిక, అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం నుంచి 2020లో మొదలై ఎవరైనా ఉచితంగా చదువుకోగల ‘కాస్ట్’ పత్రిక. వాటి అవసరం ఉంది. కానీ కులం గురించిన వ్యాసాలన్నిటినీ వాటికే దారి మళ్ళిస్తే, అర్థశాస్త్ర పత్రికలు, చరిత్ర పత్రికలు కులం ఊసెత్తకుండా హాయిగా సాగిపోతాయి. ఊరికి వెలుపల మంచి ఇల్లు కట్టించి ఇచ్చినా అది ఊరికి వెలుపలే.

పత్రిక ఎంపిక అన్నది పాఠకుని ఎంపిక అని అందరికంటే బాగా ఎరిగినవాడు అంబేడ్కర్. కొలంబియాలో 1916 మే 9న చదివిన కులాలపై పత్రాన్ని ఆయన 1917లో ‘ఇండియన్ యాంటిక్వరీ’లో ప్రచురించాడు. బ్రిటిష్ పురాతత్వవేత్తలు, ప్రాచ్య పండితులు చదివే పత్రిక అది. కులాన్ని జాతిగా, రక్తంగా వివరిస్తున్నది వారే కనుక జవాబు వారి ఇంటి గుమ్మంలోనే పెట్టాడు. చిన్న కమతాల సమస్యపై 1918లో రాసినది ఇండియన్ ఎకనామిక్ సొసైటీ పత్రికకు ఇచ్చాడు. మరో రెండేళ్ళకు, 1920 జనవరిలో, మరాఠీలో ‘మూక్‌నాయక్’ పెట్టాడు. 1927లో ‘బహిష్కృత భారత్’. ఆర్థికవేత్తలకు ఒకచోట, అస్పృశ్యులకు ఒకచోట మాట్లాడాడు. రెండింటిలో ఒకటి పరిశోధన, మరొకటి ప్రచారం అని ఆయన గీత గీసుకోలేదు. లాహోరు జాత్ పాత్ తోడక్ మండలి తన ప్రసంగాన్ని భరించలేక సభను రద్దు చేసుకున్నప్పుడు 1936లో సొంత ఖర్చుతో ‘కుల నిర్మూలన’ అచ్చు వేశాడు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. ఇరవయ్యో శతాబ్దపు భారతదేశంలో కులంపై వచ్చిన అత్యంత ప్రభావవంతమైన రచన సమీక్షకుల బల్లమీదుగా రాలేదు. ఈనాటి 2018 నిబంధనల కింద దానికి ఎన్ని మార్కులు వస్తాయో ఎంపిక సంఘాల వారే చెప్పాలి.

మన దగ్గరి అనుభవం కూడా ఇలాంటిదే. 1985 జూలైలో కారంచేడు జరిగింది. దానిపై ఇంగ్లీషు మేధావులు చదివిన విశ్లేషణ ఆ ఏడాదే ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది, రాసినవాడు కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన బాలగోపాల్. ఆ వ్యాసం విలువ ఎంత చెప్పినా తక్కువే. అయితే కారంచేడు నుంచి పుట్టిన దళిత మహాసభ ఆలోచన, కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారి వాదనలు తెలుగులో సాగాయి: సభల్లో, కరపత్రాల్లో, ‘నలుపు’ వంటి చిన్న పత్రికల్లో. ఇంగ్లీషు పత్రికలో అగ్రకులంలో పుట్టిన మిత్రుని పేరు మిగిలింది, తెలుగు కాగితాలు ఎవరింటి అటకమీదో మిగిలాయి. ఇందులో బాలగోపాల్ తప్పు పిసరంత లేదు. ఏది ‘సాహిత్యం’గా లెక్కకు వస్తుందో, ఏది రాదో నిర్ణయించే ఏర్పాటులో ఉంది తప్పు.

మాదిగ దండోరా ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన వాదం ముప్పై ఏళ్ళ తరువాత 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 తీర్పుతో నెగ్గింది. ఆ ముప్పై ఏళ్ళ చర్చ, మాల మహానాడు ప్రతివాదంతో సహా, ప్రధానంగా జరిగింది తెలుగు దినపత్రికల ఈ పుటల్లోనే. రెల్లి, డక్కలి, చిందు వంటి చిన్న కులాల స్థితిగతులు మొదటగా నమోదైనదీ తెలుగులోనే. ఈరోజు వర్గీకరణపై పీహెచ్‌డీ చేసే విద్యార్థి తన ఆధారాలుగా ఇవే చూపాలి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ సూచికలకు ఇవి కనిపించవు. కేంద్ర విద్యాశాఖ ఏటా ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో పరిశోధన లెక్క తీసేది ఆ రెండు సూచికలను బట్టే. కనుక ర్యాంకు కావాలనుకునే ఉపకులపతి తన అధ్యాపకులను తెలుగులో రాయమని ప్రోత్సహించడు. రెల్లి వాడల గురించి తెలుగులో రాసిన వ్యాసాన్ని ఆ వాడల యువకులు చదివి తప్పొప్పులు చెప్పగలరు. అంతకంటే మంచి సమీక్షకులు ఎవరు దొరుకుతారు? కానీ ఆ వ్యాసం వల్ల రచయిత ఉద్యోగానికి, అతని విశ్వవిద్యాలయానికి దక్కేది శూన్యం. మాతృభాషలో ఉన్నత విద్య అని జాతీయ విద్యావిధానం పేరిట ఉపన్యసించేవారు ఈ లెక్కను మాత్రం ముట్టుకోరు.

ఇప్పుడు కేర్ రద్దు దగ్గరికి తిరిగి రావాలి. దాన్ని రద్దు చేయడం సరైనదేనన్న వాదనలో బలం లేకపోలేదు. ఒక కార్యాలయం దేశం మొత్తానికి పత్రికల చిట్టా రాయడం విద్యా స్వేచ్ఛకు తగదు. కొత్త పత్రిక చేరాలంటే నెలల తరబడి ఆగవలసి వచ్చేది. భారతీయ భాషల పత్రికలకు అందులో చోటు అరకొరగానే దక్కింది. జాబితాలోంచి ఒక పత్రిక హఠాత్తుగా తొలగితే అందులో అప్పటికే ప్రచురించుకున్నవారి గతేమిటో తెలిసేది కాదు. ఇవన్నీ నిజాలు. అయినా ఒక్క ప్రశ్న నన్ను వదలడం లేదు. చెడ్డ జాబితా పోయి దాని స్థానంలో ఏమి వచ్చింది? ‘సంస్థ నిర్ణయిస్తుంది’ అనే మాట వచ్చింది. సంస్థ అంటే శాఖాధిపతి, డీను, ఉపకులపతి, వారు పిలుచుకున్న బయటి నిపుణులు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ కుర్చీల్లో ఏ కులాల వారు ఎన్నాళ్ళుగా కూర్చున్నారో ఈ పుట పాఠకులకు చెప్పనవసరం లేదు.

జాబితా ఉన్నంతకాలం దళిత అభ్యర్థి చేతిలో ఒక కాగితం ఉండేది. నా పత్రిక ఇదిగో, మీ పట్టికలో ఫలానా సంఖ్య దగ్గర ఉంది, మార్కులు వేయండి అనగలిగేది. వేయకపోతే సమాచార హక్కు కింద అడగవచ్చు, హైకోర్టుకు వెళ్ళవచ్చు. ఇప్పుడు ‘మీ పత్రిక స్థాయి మా కమిటీకి సంతృప్తికరంగా అనిపించలేదు’ అంటే దానిని ఏ కోర్టులో సవాలు చేయాలి? విద్యావిషయకమైన అంచనాల్లో న్యాయస్థానాలు సామాన్యంగా జోక్యం చేసుకోవు. 2018 నిబంధనల ప్రకారం తుది ఎంపిక కేవలం ఇంటర్వ్యూ ప్రతిభ మీదే. అంటే చివరి దశలో విచక్షణ ముందునుంచే ఉంది. ఇంటర్వ్యూ గది తలుపు దాకా తీసుకువెళ్ళే దశలోనైనా రాతపూర్వకమైన లెక్క ఉండేది. ఇప్పుడు ఆ దశలోకి కూడా విచక్షణ దిగింది. రిజర్వుడు పోస్టులను ‘తగిన అభ్యర్థి లభించలేదు’ అని ఖాళీగా వదిలే అలవాటు ఉన్న వ్యవస్థకు ఇది అదనపు పరికరం. రాసిపెట్టిన నియమం ఎంత మొరటుదైనా బలహీనునికి పట్టుకోవడానికి ఒక కొస ఇస్తుంది. రాయని సంప్రదాయం ఎవరి పక్షాన పనిచేస్తుందో మన సమాజానికి రెండు వేల ఏళ్ళుగా అనుభవమే.

కాబట్టి పాత కేర్ తిరిగి రావాలని నేను అడగడం లేదు. ప్రతి విశ్వవిద్యాలయం ఏ పత్రికలను లెక్కలోకి తీసుకుంటుందో, ఏ కారణాలతో తీసుకోదో ఉద్యోగ ప్రకటనకు ముందే రాసి తన వెబ్‌సైటులో పెట్టాలి. దాన్ని రూపొందించే సంఘంలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళా అధ్యాపకులు సంతకం చేసే సభ్యులుగా ఉండాలి, పరిశీలకులుగా కాదు. ఒక వ్యాసానికి మార్కులు నిరాకరిస్తే కారణం కాగితం మీద ఉండాలి, అభ్యర్థికి అందాలి. తెలుగులో సమీక్షతో నడిచే పత్రికలకు ఇంగ్లీషు పత్రికలతో సమానమైన మార్కులు వేయడానికి రాష్ట్ర ఉన్నత విద్యామండళ్ళకు ఢిల్లీ అనుమతి అక్కరలేదని నా అవగాహన. కావలసింది ఆ ఉద్దేశం. రుసుము తప్పనిసరి అయిన విజ్ఞానశాస్త్ర పత్రికలకు ఫెలోషిప్ లేని విద్యార్థి తరఫున విశ్వవిద్యాలయమే చెల్లించాలి. అతిథి భవనాల మరమ్మతుకు దొరికే డబ్బు దీనికి దొరకదంటే నమ్మడం కష్టం.

విద్యార్థి సంఘాలతో ఒక మాట. మెస్సు బిల్లు మీద, హాస్టలు గదుల మీద పోరాడే శక్తిలో కొంత దీనికి కేటాయించండి. ప్రతి శాఖలో సీనియర్లు ఏడాదికి రెండుసార్లు కూర్చుని ఏ పత్రిక డబ్బు అడుగుతుంది, ఏది అడగదు, ఎవరి సమీక్షలు నిజాయితీగా ఉన్నాయి, ‘భారీ సవరణలు’ అంటే ఏమిటి అని జూనియర్లకు చెబితే గైడు దయ మీద ఆధారపడే పని సగం తగ్గుతుంది. పత్రికను ఎంచుకునేటప్పుడు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంకె కన్నా ముందు మీ సొంత వ్యాసం చివరి ఉదహరణల పట్టిక చూసుకోండి. అందులో మీరు పదేపదే పేర్కొన్న పత్రిక ఏదో, మీ సంభాషణ జరుగుతున్నది అక్కడే. పది రోజుల్లో అచ్చువేస్తామని వాట్సాప్‌లో సందేశం పంపేవాడు మీ వ్యాసం చదవడు, చదివే మనిషిని వెతికిపెట్టడు.

తక్షణంగా తేలవలసిన లెక్క ఒకటి మిగిలి ఉంది. 2019 నుంచి 2025 ఫిబ్రవరి దాకా కేర్ జాబితాను నమ్మి, అందులోని పత్రికలకే వ్యాసాలు పంపిన వారు రెండు రాష్ట్రాల్లో వేల సంఖ్యలో ఉంటారు. వారిలో చాలామంది ఇప్పటికీ గెస్టు, కాంట్రాక్టు అధ్యాపకులుగా పీరియడుకు ఇంత అని జీతం తీసుకుంటూ శాశ్వత నియామకాల ప్రకటన కోసం ఎదురుచూస్తున్నారు. వారి వ్యాసాలు అచ్చయిన తేదీన పత్రిక జాబితాలో ఉంటే చాలు, మార్కులు దక్కుతాయని రెండు ప్రభుత్వాలూ ఒక్కొక్క ఉత్తర్వు ఇవ్వాలి. ఒక్క పేరా చాలు. అది ఖాళీల ప్రకటన కంటే ముందే రావాలి.